కుళాయి తుమ్మింది

...మరి ఇప్పుడు మోటారు దానంతటదే వేసుకున్నదేమిటి, ఇంట్లో ఎవరూ లేరు కదా, అక్క లేదు, భార్య లేదు, తను కుర్చీలోంచి లేవలేదు, వీధి తలుపు గడియ తన చేత్తోనే వేశాడు, అయినా మెట్ల కింద గదిలో టక్కుమంది, మోటారు మూలిగింది, మళ్ళీ టక్కుమని ఆగింది. పొరపాటుగా విన్నాడేమో. పొరపాటుగా వినడమంటే ఏమిటో అతనికి బాగా తెలుసు. వచ్చినవాళ్ళని ఒక చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి యంత్రం తగిలించి, శబ్దం వినపడగానే ఈ మీట నొక్కండి అని చెప్పడమే అతని ఉద్యోగం. అతను ఏ శబ్దమూ పంపకపోయినా నొక్కేసేవాళ్ళు వాళ్ళలో కొందరుంటారు. అబద్ధం ఆడాలని కాదు. వినపడాల్సింది తమకి వినపడకుండా పోయిందేమోనని భయం. ఆ భయంలో వాళ్ళకి నిజంగానే ఏదో వినిపిస్తుంది.

అతను ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

టక్. మూలుగు. టక్.

దొంగెవరో దూరినట్టు లేచి ఇల్లంతా తిరిగాడు. వంటింట్లో కుళాయి కట్టేసి ఉంది. సింకు పొడిగా ఉంది. పెరట్లో బావి పక్కనున్న కుళాయి కింద నేల కూడా పొడిగానే ఉంది. అక్క స్నానాలగది తలుపు తోశాడు. బక్కెట్లో ఉదయం భార్య పట్టి ఉంచిన నీళ్ళు, మీద బోర్లించిన మగ్గు. బేసిన్ మీద కుళాయి ఉంది, దానికి పిడి లేదు. పిడి ఊడదీస్తే మిగిలిన ఇత్తడి మొలక మాత్రం పైకి చూస్తోంది. పిడి అతని బల్ల సొరుగులో ఉంది. అక్క తిప్పకుండా అతనే తీశాడు.

వెనక మళ్ళీ టక్కుమంది.

ఈ ఇంట్లో నీళ్ళన్నీ బావివే. మేడ మీద తొట్టి లేదు. బావిలోంచి మోటారు తోడిన నీళ్ళు మెట్ల కిందున్న నీలం రంగు టాంకులోకి వెళ్తాయి, అక్కణ్ణించి గొట్టాల్లోకి. కుళాయి తిప్పితే గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది, తగ్గగానే స్విచ్చు టక్కుమంటుంది, మోటారు వేసుకుంటుంది. అందుకే ఇంట్లో అందరికీ ఒక నమ్మకం ఏర్పడిపోయింది. టక్కుమంటే ఎవరో కుళాయి తిప్పారన్నమాటే. ఆ నమ్మకానికి సాక్ష్యం అక్కర్లేదు. పైగా ఇంట్లో ఉన్నప్పుడు అతను రిపోర్టులు రాసుకునే గదికీ మెట్ల కింద గదికీ మధ్య ఉన్నది పల్చని గోడ. ఆ గోడ వెనక శబ్దాన్ని బట్టి ఎవరు లేచారో, ఎవరు పళ్ళు తోముకుంటున్నారో చెప్పగలననుకునేవాడు. చెవుల మనిషి మరి.

కొన్ని నెలలుగా ఆ శబ్దం ఎక్కువైంది. పొద్దున, మధ్యాహ్నం, భోజనం చేస్తుంటే, భార్య ఆసుపత్రిలో డ్యూటీకి వెళ్ళినప్పుడు. ఆమె వెళ్తే ఇంట్లో ఉండేది అతనూ, అక్కా. అతను కుర్చీలో ఉన్నాడు. కాబట్టి అక్క. లెక్క అంత తేలిక.

"అక్కా! కుళాయి కట్టేశావా?" అని గదిలోంచే అరిచేవాడు.

"తిప్పితే కదరా కట్టెయ్యడానికి!"

"మరి మోటారెందుకు వేసుకుంది?"

"దాన్నే అడుగు. దానికీ నోరుందిగా, రోజంతా వాగుతూనే ఉంటుంది." ఆ పైన, వంటింట్లోంచి నవ్వు. "ఒరే చెవులపిల్లీ, ఆ చెవులు నీ అద్దాల గదిలో పెట్టుకో. ఇంటికి తేకు."

చెవులపిల్లి. చిన్నప్పుడు అతనికి చెవులు పొడుగ్గా, ఎర్రగా ఉండేవట. అమ్మ పోయాక ఆ చెవులు కడిగిందీ, వాటిలో చీము పట్టినప్పుడు ఒళ్ళో పడుకోబెట్టుకుని మందు పోసిందీ, మాట వినకపోతే మెలిపెట్టిందీ అక్కే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అతను అడగలేదు. అడిగితే జవాబులో తన పేరు ఉంటుందని భయం.

మొదట అలా నవ్వేది. తర్వాత విసుక్కుంది. "నేను తిప్పలేదంటే తిప్పలేదు, రాసివ్వమంటావా?" అంది. ఆ తర్వాత ఒకరోజు టక్కుమనగానే, అతను అడక్కముందే, చెప్పులు ఈడ్చుకుంటూ స్నానాలగదిలోకి వెళ్ళి చూసి వచ్చింది. ఆ అడుగుల చప్పుడు అతను గోడ ఇవతల కూర్చుని విన్నాడు. ఇంకొన్నాళ్ళకి, అతను అడిగితే, తలుపు చట్రం పట్టుకుని నిలబడి మెల్లగా అంది:

"తిప్పానేమోరా."

ఆ మాట విన్నప్పుడు తనకేమనిపించిందో అతను ఎవరికీ చెప్పలేదు. తనకి తానైనా సరిగ్గా చెప్పుకోలేదు. బాధ అనిపించింది, అది నిజమే. కానీ బాధ కంటే ఒక క్షణం ముందు ఇంకేదో వచ్చి పోయింది. ఏదో బరువు దిగినట్టు. పుట్టి బుద్ధెరిగాక అక్కతో వాదించి అతను గెలిచింది లేదు. ఆమె ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. పరీక్ష తప్పుతావురా అంది, తప్పాడు. ఈ పిల్ల నీకు తగింది, వదులుకోకు అంది, ఆ పిల్లే భార్య అయింది, తగింది కూడా. అంత సరిగ్గా ఉండే మనిషి మొట్టమొదటిసారి తన ముందు తడబడింది. ఆ తడబాటుని అతను చేతులు చాచి అందుకున్నాడు. జాలి అనుకుంటూ అందుకున్నాడు.

పాలగిన్నె మాడింది నిజం. పొయ్యి మీద పాలు పెట్టి పక్కింటావిడతో మాటల్లో పడింది, ఇల్లంతా పొగ కమ్మింది. అది ఒక్కసారి. ఆ ఒక్క గిన్నె మీద అతను మిగిలినదంతా కట్టుకుంటూ పోయాడు. ఒకసారి మందు మర్చిపోయింది, దాని మీద పెట్టాడు. ఒకరోజు అతన్ని నాన్న పేరుతో పిలిచింది, అదీ పెట్టాడు. వాటన్నిటి పైన, రోజూ, గంటగంటకీ, టక్ టక్.

ఆ తుమ్ము కూడా పెట్టాడు.

ఒక పొద్దున అక్క స్నానాలగదిలోంచి మొహమంతా తడితో, గుండెల దాకా తడిసిన బట్టలతో వచ్చింది. "ఒరే, మన కుళాయి తుమ్మిందిరా! మొహం మీదే! జలుబు చేసినట్టుంది, ఏదైనా మందు చెప్పు," అని పడీ పడీ నవ్వింది. భార్యా నవ్వింది. "ఆవిరి పడదాం వదినా," అంది. అతను నవ్వలేదు. ఆ తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు, ఇంకేమైనా వింతగా మాట్లాడుతున్నారా అని ఆయన అడిగితే, "కుళాయి తుమ్మిందంటోందండీ," అన్నాడు. డాక్టరు తలెత్తి చూశాడు. చెప్పేటప్పుడు అందులోంచి అతను నవ్వుని తీసేశాడు. నవ్వు తీసేస్తే ఆ మాటలో రోగం తప్ప ఇంకేం మిగలదు.

ఆ తర్వాతే పెద్దవాళ్ళ హోమ్ వెతకడం, వెళ్ళి చూసి రావడం, కిటికీ పక్క మంచం కుదరడం. సోమవారం చేర్చుకుంటామన్నారు. ఈలోగా వాళ్ళ డాక్టరు ఒకసారి చూడాలి. అందుకే ఇవాళ భార్య సెలవు పెట్టి అక్కని తీసుకెళ్ళింది. అందుకే ఇల్లు ఖాళీగా ఉంది. అందుకే, ఇన్ని నెలల్లో మొదటిసారి, టక్కుమన్నప్పుడు అరవడానికి ఎవరూ లేరు.

టక్.

పైపులు బాగుచేసే ఆయనకి ఫోన్ చేశాడు.

ఆయన్ని వీధిలో అందరూ 'స్పెషలిస్టు' అని పిలుస్తారు. ఆ పేరు ఆయన పెట్టుకున్నదే. లావుపాటి మనిషి, రావడంతోనే గుమ్మంలో నిలబడి తను ఇంతకుముందు బాగుచేసిన ఇళ్ళ గొప్పలన్నీ చెప్పాడు. తర్వాత మెట్ల కింద వంగి, స్విచ్చు మూత తీసి, "ఇదేనండీ! చూడగానే చెప్పేశా. ఇక్కడ నల్లబడింది. గీకితే చాలు, మళ్ళీ పిలవరు నన్ను," అన్నాడు. గీకాడు. మూత బిగించాడు. చేతులు దులుపుకున్నాడు.

టక్.

"ఊఁ," అన్నాడు స్పెషలిస్టు. "నాకు మొదట్నించీ టాంకు మీదే అనుమానం."

మెటికలతో టాంకుని పైన ఒకసారి, నడుమ్మీద ఒకసారి, కింద ఒకసారి తట్టాడు. అన్నిచోట్లా ఒకటే మొద్దు శబ్దం. తడిసిన మట్టిని కొట్టినట్టు.

"విన్నారా? పైన డొల్లగా మోగాలి. మోగట్లేదు." టాంకు నెత్తిన సైకిలు ట్యూబుకి ఉన్నట్టు ఒక గాలి మూతి ఉంది. గోటితో దాన్ని నొక్కాడు. బుస్సుమని గాలి రావాల్సిన చోట నీళ్ళు చిమ్మి ఆయన మీసం మీద పడ్డాయి. "అంతే! పోయింది మీ టాంకు."

"పోయిందంటే?"

"ఇందులో ఒక రబ్బరు సంచి ఉంటుందండీ. నీళ్ళు సంచిలోకి, చుట్టూ గాలి. మోటారు నీళ్ళు నెడుతుంటే గాలి నొక్కుకుపోతుంది. మీరు కుళాయి తిప్పితే ఆ గాలే నీళ్ళని బయటికి తోస్తుంది, మోటారు హాయిగా పడుకునుంటుంది. చెంబుడు నీళ్ళు పట్టుకున్నా అది లేవక్కర్లేదు. ఇప్పుడు సంచి చిరిగింది. గాలి నీళ్ళలో కలిసి పోయింది. టాంకంతా నీళ్ళే. నీళ్ళని నొక్కితే నొక్కుకుంటాయా? చెంచాడు కారినా ఒత్తిడి ఢామ్మని పడిపోతుంది, మోటారు ఉలిక్కిపడి లేస్తుంది, లేవగానే నిండిపోతుంది, ఆగిపోతుంది. లే, పడుకో, లే, పడుకో. మనిషినైనా అలా లేపుతూ ఉంటే పిచ్చెక్కదూ?"

అతను టాంకు వైపు చూశాడు. "అసలెవరూ కుళాయి తిప్పకపోయినా వేసుకుంటుందా?"

"ఎక్కడో ఒక చుక్క కారుతుండాలి. అంతే చాలు. ఫ్లష్ తొట్టెలు చూడండి, అవే దొంగలు. రంగు కలిపి చూస్తే బయటపడుతుంది. సిరా ఉందా?"

సిరా ఉంది. అతని బల్ల మీదే ఉంది. సొరుగు తియ్యకుండా సీసా తెచ్చాడు. ముందు అక్క స్నానాలగదిలో వేశారు. కాసేపు చూశారు. తొట్టెలో నీలం, కింద పింగాణీ తెల్లగా అలాగే ఉంది. చుక్క కూడా దిగలేదు. తర్వాత పైన, అతనూ భార్యా వాడుకునే స్నానాలగదిలో వేశారు. స్పెషలిస్టు ఏదో పెళ్ళివారింట్లో గొట్టం పగిలిన కథ చెబుతున్నాడు. అతను వంగి చూస్తూ ఉన్నాడు. తెల్లని పింగాణీ మీద ఒక నీలం దారం, వెంట్రుకంత సన్నగా, మెల్లగా కిందికి దిగింది. ఆగలేదు. ఏ చప్పుడూ లేదు. ఇన్నాళ్ళూ తను కూర్చుని లేచి వెళ్ళిన చోటు నుంచే.

తల కొట్టేసినట్టయింది.

"ఇది ఇప్పుడు కాదండీ, చాన్నాళ్ళది," అన్నాడు స్పెషలిస్టు చేతులు కడుక్కుంటూ. "సంచి కొత్తగా చిరిగినప్పుడు గాలి గొట్టాల్లోకి వస్తుంది. అప్పుడు కుళాయిలు తుమ్మి ఉండాలే?"

"ఏమన్నారు?"

"తుమ్మడమండీ. తిప్పగానే ముందు బుస్సుమని గాలి, తర్వాత ఫట్టుమని నీళ్ళు, మొహం మీద. మా పనిలో అందరం అలాగే అంటాం. మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదా?"

అద్దంలో తన చెవులు ఎర్రబడటం అతనికి కనిపించింది.

"లేదు," అన్నాడు. "ఎవరూ చెప్పలేదు."

అంత తేలిగ్గా వచ్చేసింది. అక్క చెప్పలేదట. చెప్పిన మనిషిని చెప్పలేదనడం, అదీ ఒక పైపులాయనతో, ఏం ఒరుగుతుందని? ఎవరికి భయపడి? మనసు అబద్ధాన్ని ముందే వండి సిద్ధంగా పెట్టుకుంటుందేమో, అడిగినవాడు ఎవరైనా సరే ఎదురొచ్చి వడ్డించేస్తుంది.

స్పెషలిస్టు తన బండిలోంచి కొత్త టాంకు దించాడు. అదే నీలం రంగు, అదే పొట్ట. ఖాళీగా ఉండగానే గాలి కొట్టి, మీటరు పెట్టి చూసి, "నీళ్ళు నింపాక గాలి కొడితే లెక్క తప్పుతుంది, కొందరికి అదీ తెలీదు," అని ఎవరినో తిట్టాడు. బిగించాడు. ఫ్లష్ తొట్టెలో రబ్బరు బిళ్ళ మార్చాడు. మోటారు వేసుకుంది. ఈసారి చాలాసేపు మూలిగి, ఆగింది. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఎంత పెద్దదంటే, పక్కింట్లో ఎవరో చీపురుతో ఊడుస్తున్న చప్పుడు మొదటిసారి అతని చెవిన పడింది.

"పాతది వాకిట్లో వదిలెయ్యమంటారా? పాత సామాన్లవాడు పట్టుకుపోతాడు."

"వద్దు. మీరే తీసుకెళ్ళిపోండి. ఇప్పుడే."

అన్నాక గానీ ఎందుకన్నాడో తెలియలేదు. లోపల నీళ్ళతో బరువెక్కిన పాత టాంకుని ఇద్దరూ కలిసి ఈడ్చుకుంటూ తీసుకెళ్ళి బండెక్కించారు. బండి మలుపు తిరిగేదాకా అతను గేటు దగ్గరే నిలబడ్డాడు. వాకిట్లో టాంకు ఈడ్చిన తడి చార మిగిలింది. దాన్ని చెప్పుతో రాశాడు. పోలేదు. ఎండకి అదే పోతుందిలే అనుకున్నాడు. అప్పుడు అర్థమైంది తను ఏం చేస్తున్నాడో. శవాన్ని మాయం చేసినవాడిలా ఉన్నాడు.

సాయంత్రం ఎండ తగ్గాక వాళ్ళిద్దరూ వచ్చారు. వాకిట్లో చార ఆరిపోయింది.

"ఆ డాక్టరు కుర్రాడికి ఏమీ తెలీదురా," అంది అక్క సోఫాలో కూలబడుతూ. "ఇవాళ ఏం వారమండీ అని అడిగాడు. క్యాలెండరు నీ వెనకాలే ఉంది నాయనా, తిరిగి చూసుకో అన్నాను."

"అక్కడ నర్సులందర్నీ నవ్వించేసింది," అంది భార్య. ఆమె నవ్వలేదు. అతని వైపు చూసి, "అడిగినవాటికన్నిటికీ సరిగ్గానే చెప్పింది వదిన," అంది. అది చెప్పడానికే దారంతా కాచుకున్నట్టు ఉంది ఆమె గొంతు.

"అన్నిటికీ చెబితే ఏం లాభం," అంది అక్క. "అడగనివి ఉంటాయిగా."

భార్య వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడు వినపడింది. చేతులు కడుక్కుంది, గ్లాసు నింపింది, కట్టేసింది. గోడ వెనక ఏ శబ్దమూ లేదు. అక్క తల ఒక పక్కకి వాల్చి వింది. ఇన్ని నెలల్లో ఆమె కూడా ఆ శబ్దానికి కాపలా కాయడం నేర్చుకుందని అతనికి అప్పుడు తెలిసింది.

"మోటారు వేసుకోలేదేంరా?"

"ఊఁ?"

"మేం వెళ్ళాక మధ్యాహ్నం మోగిందా?"

ఇక్కడ చెప్పొచ్చు. ఇంతకంటే మంచి చోటు దొరకదు. మోగిందక్కా, అనాలి, అంతే.

అతను నోరు తెరిచేలోపు ఆమే తల ఊపింది. "మోగి ఉండదులే. చూశావా, నేను లేకపోతే దానికీ సుఖమే. ఇన్నాళ్ళూ నీతో కయ్యానికి దిగాను గానీ, నేనేరా. నేనే తిప్పి మర్చిపోతున్నాను. ఇంట్లో లేని పూట చూడు, ఎంత నిమ్మళంగా ఉందో ఇల్లు." ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. చాలాకాలం కుస్తీ పట్టిన లెక్కకి చివరికి జవాబు దొరికినవాళ్ళు మాట్లాడినట్టు మాట్లాడింది. "సోమవారం వెళ్ళడమే మంచిది. జైలరు గారూ, ఆ కుళాయి పిడి జాగ్రత్త చేసుకోండి. ఇక దాంతో పనిలేదు."

భార్య గ్లాసు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది.

అతను చూశాడు, ఎంత చక్కగా అమరిందో. అక్క ఇల్లు వదలగానే మోటారు ఆగింది. ఇక జీవితాంతం ఆగే ఉంటుంది. మెట్ల కింద టాంకు నీలంగానే ఉంది. అడిగేవాళ్ళు లేరు, అనుమానించేవాళ్ళు లేరు, ఆమెతో సహా. అతను ఏమీ చెయ్యక్కర్లేదు, అబద్ధం కూడా ఆడక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు. కిటికీ పక్క మంచంలో పడుకుని ఆమె తన మతిని తనే కాపలా కాసుకుంటూ, ప్రతి చిన్న చప్పుడికీ లేచి, ఏదీ తను తిప్పలేదు కదా అని చూసుకుంటూ ఉంటుంది.

అద్దాల గదిలో కూర్చున్నవాళ్ళు ఊరికే మీట నొక్కినప్పుడు అతను పరీక్ష ఆపేస్తాడు. తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి, వాళ్ళ పక్కన వంగి చెబుతాడు: వినపడకపోతే నొక్కకండి, నొక్కకపోవడం తప్పు కాదు, మళ్ళీ మొదట్నించి చేద్దాం. పరాయివాళ్ళకి ఎంత నెమ్మదిగా చెబుతాడో.

లేచాడు. తన గదిలోకి వెళ్ళి బల్ల సొరుగు లాగాడు. పిడి చల్లగా, అనుకున్నదానికంటే బరువుగా ఉంది. దాని స్క్రూ కాగితంలో చుట్టి ఉంది. స్క్రూడ్రైవరు తీసుకుని అక్క స్నానాలగదిలోకి వెళ్ళి, బేసిన్ ముందు వంగాడు. స్క్రూ చేతిలోంచి జారింది. బేసిన్‌లో గిరగిరా తిరుగుతూ గొట్టం నోటి దాకా వెళ్ళింది. అరచేత్తో మూసి పట్టుకున్నాడు.

గుమ్మంలో చెప్పుల చప్పుడు ఆగింది.

"ఏం చేస్తున్నావురా?"

అతను ఆమె వైపు తిరగలేదు. కుళాయికే చెబుతున్నట్టు చెప్పాడు.

"తుమ్మిందక్కా. ఆరోజు ఇది నిజంగానే తుమ్మింది."

స్క్రూని గొట్టం నోటి దగ్గర్నించి పైకి తీశాడు.

"టాంకు పాడైంది. పైన మా ఫ్లష్ తొట్టె కారుతూ ఉండేది. ఇవాళ నువ్వు లేవు, ఎవరూ లేరు, అయినా మోగుతూనే ఉంది. కొత్తది పెట్టించి పాతది నీకు కనపడకుండా పంపించేశాను. నువ్వు తిప్పలేదు. ఒక్కసారి కూడా."

"ఒక్కసారి కూడానా," అంది అక్క. అడిగినట్టు లేదు, ఆ మాట ఎంత బరువుందో చేత్తో తూచి చూసుకున్నట్టు ఉంది. ఆమె గోడకి ఆనుకున్న చప్పుడైంది. "నేను నా బుర్ర పోయిందనే అనుకున్నాన్రా," అంది.

"నేనే అనిపించాను."

"అనిపించావు." ఆమె ఊపిరి పీల్చుకుంది. ముక్కు చీదింది. తర్వాత ఆమె గొంతు కొంచెం కొంచెంగా పాత దారిలోకి వచ్చింది. "చెవులపిల్లివి కాదురా నువ్వు. చెవిటి పిల్లివి."

"సోమవారం..." అని అతను మొదలుపెట్టాడు.

"సోమవారం సంగతి నేను చెప్తాను. వెళ్ళాలో, ఉండాలో, నిన్ను చెవి మెలిపెట్టి గేటు బయట నిలబెట్టాలో. అది నా ఇష్టం. ముందు నువ్వు ఆ స్క్రూ బిగించు."

అతను పిడిని ఇత్తడి మొలక మీద కూర్చోబెట్టాడు. కళ్ళు మసకగా ఉన్నాయి, గాడి కనపడలేదు, వేలితో తడిమి వెతుక్కున్నాడు. స్క్రూ పెట్టి, వదులు లేకుండా బిగించి, ఆమెకి చోటిచ్చి పక్కకి జరిగాడు.